ఒకరు లోపలే ఉన్నారు

వృద్ధుల మానసిక వార్డు, మెట్ల కింద గది
వానలు మొదలైన వారం

అక్కా,

ఫోన్లో అరుస్తున్నానని పెట్టేశావు. "కాగితం మీద ఎంత అరిచినా నా చెవులకేం కాదు, ఇకనుంచి ఉత్తరాలే రాయి" అన్నావు. సరే, కాగితం మీదే అరుస్తున్నాను. చదువుతావో, చెవుల్లో దూది పెట్టుకుని చదువుతావో నీ ఇష్టం.

ఇక్కడ ఘోరం జరుగుతోంది. మన తాతయ్యకి ఫిట్స్ మాత్రలు ఇస్తున్నారు! ఆయనకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఆయనకి దగ్గు కూడా రాదు. ఉద్యోగంలో చేరి నేనింకా వార్డు బాయ్ చొక్కా గుండీలు పెట్టుకోవడం పూర్తి కాకుండానే ఈ సంగతి కనిపెట్టాను. నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళాను.

"డాక్టరుగారూ, మా తాతకి ఫిట్స్ లేవు కదండీ?"

"లేవు."

"మరి ఫిట్స్ మందెందుకండీ?"

"సాయంత్రమయ్యేసరికి ఆయన రెచ్చిపోతున్నారు కదా. కొందరికి ఈ మందుతో నెమ్మదిస్తుంది."

"ఆ కొందరిలో మా తాత ఉన్నాడా?"

"అది చూడ్డానికే ఇస్తున్నాను."

చూడ్డానికట! మన తాతయ్య ఏమైనా సినిమానా? "వేరే మందులున్నాయి, కానీ ఈ వయసులో అవి గుండెకీ మెదడుకీ ఇంకా ప్రమాదం. ఇది కూడా తప్పకుండా పనిచేస్తుందని నేననను. కొద్దిగా ఇచ్చి చూస్తాను, గుణం లేకపోతే ఆపేస్తాను" అని టీ ఊదుకుంటూ చెప్పాడు. ఎదుటివాడికి కోపం రాకపోతే నాకు ఎంత కోపం వస్తుందో నీకు తెలుసుగా.

అసలు తాతయ్య చేసిన నేరమేమిటి? ఫైర్ స్టేషన్లో ఆఫీసరుగా బతుకంతా గడిపిన మనిషి. సాయంత్రం ఎండ ఎర్రగా కిటికీ అద్దాల మీద పడగానే "మంట!" అని కేక పెడతాడు. మంచం మంచం దగ్గరికీ వెళ్ళి అందర్నీ లేపి, బయట పెరట్లోకి నడిపిస్తాడు. పెద్ద సిస్టర్ తన బలగంతో వచ్చి అందర్నీ మళ్ళీ లోపలికి తోస్తుంది. అక్కడ తోపులాట, అరుపులు, ఆయన మోచేయి ఆవిడ ముక్కుకి తగలడం. ఇదీ కేసు. ఇప్పుడు మందు మొదలుపెట్టాక ఏమైంది? అరుపు ఆగిందా? ఆగలేదు. అదే "మంట", కాకపోతే నాలుక తడబడుతూ, గోడ పట్టుకుని. మొన్న వరండాలో తూలిపడితే నుదురు బొప్పి కట్టింది.

"లేని జబ్బుకు మందు, లేని నేరానికి సంకెల." ఇది నా మాట కాదు, అచ్చయిన మాట. మా ప్రెస్సులో వేసిన కరపత్రం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉంది.

నేనొక నిర్ణయం తీసుకున్నాను. అదేమిటో నీకు రాయను. నువ్వు మందుల షాపులో పనిచేసేదానివి. శత్రుపక్షం.

కోపంతో, ఆ తర్వాత ప్రేమతో,
నీ తమ్ముడు


మందుల షాపు, కౌంటరు వెనక స్టూలు
బేరాల్లేని మధ్యాహ్నం

ఒరేయ్ విప్లవం,

నీ ఉత్తరం అందింది. ఆశ్చర్యార్థకాలు పెట్టిన ప్రతిచోటా కాగితానికి చిల్లు పడింది. వెలుతురులో పట్టుకుంటే నక్షత్రాల్లా ఉంది. అమ్మమ్మకి చూపిస్తే "వాడు ఆరోగ్యంగానే ఉన్నాడు" అంది.

శత్రుపక్షం సంగతి. ప్రెస్సు ఓనరు మీద గమ్ము డబ్బా విసిరి ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి ఈ ఉద్యోగం ఇప్పించింది ఆ శత్రుపక్షమే. ఎదురుగా ఉంటే తాతయ్యని కనిపెట్టుకుని ఉంటావని. డాక్టర్ని కనిపెట్టుకుని ఉండమని కాదు.

ఇంకో మాట. ప్రెస్సులో నువ్వు చేసిందేమిటి? కరపత్రాలు మడతపెట్టడం. మడతపెట్టేవాడి కంటికి పైపేజీ, అడుగుపేజీ కనిపిస్తాయి. లోపలి రెండు పేజీలు నువ్వు ఈ జన్మలో చదివిన పాపాన పోలేదు. నీ జ్ఞానమంతా మొదలూ చివరే. మధ్యలో ఏం రాశారో రాసినవాడికీ అచ్చేసినవాడికీ తెలియాలి. ఆ కరపత్రం ఒకటి నాకు పంపు, విప్పి చదువుతాను.

ఇప్పుడు నవ్వులాట కాని సంగతి విను. చలికాలం వచ్చేలోపు తాతయ్య సాయంత్రాలు కాస్త కుదుటపడితే ఇంటికి పంపిస్తానన్నాడు డాక్టరు. కుదుటపడకపోతే వెనక బిల్డింగు. ఆ బిల్డింగు చూశావా? తాళం బయటివైపు ఉంటుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళని నెలకోసారి చూడనిస్తారు, అదీ ఊచల్లోంచి. అమ్మమ్మ బాత్రూంలో జారి విరగ్గొట్టుకున్న చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. మంచం మీద ఓ పక్కకే ఒదిగి పడుకుంటోంది. మధ్యకి జరగవే అంటే "అటుపక్క ఆయనది" అంటుంది.

కాబట్టి నీ నిర్ణయమేదైనా సరే, దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకో. అమలు చెయ్యకు.

నీ అక్క


వృద్ధుల మానసిక వార్డు, మెట్ల కింద గది
వానలు జోరుగా ఉన్న రోజులు

అక్కా,

జవాబు ఆలస్యమైంది. ఈ మధ్య నిద్ర ఎక్కువైంది. వానల వల్లనుకుంటాను. కరపత్రం ఈ ఉత్తరంతో జతచేశాను, జాగ్రత్తగా దాచు.

నిర్ణయం అమలైపోయింది. నీ ఉత్తరం అందేసరికే అమల్లో ఉంది, కాబట్టి నీ మాట కాదన్నట్టు కాదు.

మందులిచ్చేది పెద్ద సిస్టర్. ఆవిడ వెనక నీళ్ళ గ్లాసుతో నడిచి "నోరు తెరవండి, నాలుకెత్తండి" అని చూసేది నేను. అంటే ఈ వార్డులో నోళ్ళన్నిటి మీదా అధికారం నాది. తాతయ్య మాత్ర దవడకింద దాచుకుంటాడు, నేను "ఊఁ, మింగేశారు" అంటాను, ఆవిడ అటు తిరగ్గానే ఆయన నా అరచేతిలో ఉమ్ముతాడు. టీచరమ్మ కూడా పోరాటంలో చేరింది. లెక్కల టీచరుగా రిటైరైంది, ఆవిడకీ ఇదే మందు. టైలరు తాత మాత్రం చేరనన్నాడు. "నాకు నిజంగానే ఫిట్సురా. నా మాత్ర జోలికొచ్చావంటే నీ చొక్కా చేతులు రెండూ కలిపి కుట్టేస్తాను" అన్నాడు. ఆయన్ని వదిలేశాం.

మాత్రలు ఏం చేస్తున్నానని అడుగుతావు. చెత్తబుట్ట, సింకు, పూలకుండీ, నా జేబులు, అన్నీ పెద్ద సిస్టర్ వెతుకుతుంది. ఆవిడ వెతకని చోటు ఒక్కటే ఉంది, అక్కడే వేస్తున్నాను. "జనం నోట్లో పోసేది ముందు నీ నోట్లో పోసుకో" అని ఇంకో కరపత్రం చివరి పేజీలో ఉండేది. గొప్ప వాక్యం.

తాతయ్య గొంతు మళ్ళీ గంటలా మోగుతోంది. తూలడం లేదు. సాయంత్రం ఆయన కేక వినాలి నువ్వు. టైలరు తాత చెప్పులు అందిస్తాడు, టీచరమ్మ వరుస సరిచేస్తుంది, నడవలేనివాళ్ళని దుప్పట్లో వేసి నలుగురు మోస్తారు. పెరట్లో అందరూ నిలబడ్డాక తాతయ్య ఒక్కొక్కరి భుజం తట్టుకుంటూ లెక్కపెడతాడు. చివరికొచ్చి ఆగిపోతాడు. "ఒకరు తక్కువ. ఒకరు లోపలే ఉన్నారు" అని మళ్ళీ లోపలికి పరుగు. అక్కడే సిస్టర్ అడ్డుపడుతుంది, అక్కడే గొడవ.

"తాతయ్యా, అందరూ ఇక్కడే ఉన్నారు."

"నీకు లెక్క రాదురా. ప్రెస్సులో వందకట్టలో తొంభై కట్టేవాడివి."

నిజమే. నవ్వొచ్చింది. నిన్న పెద్ద సిస్టర్ నన్ను అందరిముందూ కడిగేసింది. నేను కాసేపు ఆలోచించి "మీరన్నదీ నిజమేనండీ" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అలవాటుగా "నాలుకెత్తండి" అనబోయాను. కోపం ఈ మధ్య అంతగా రావడం లేదు. ఉద్యమంలో పరిణతి అంటే ఇదేనేమో.

ఆకలి మాత్రం విపరీతంగా వేస్తోంది. టైలరు తాత రొట్టె కూడా నేనే తింటున్నాను.

నీ తమ్ముడు


మందుల షాపు, అదే స్టూలు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క చిల్లు లేదు. ఒక్క తిట్టు లేదు. "మీరన్నదీ నిజమే" అని నువ్వు ఒక మనిషితో అన్నావా? మన ఇంట్లో గోడగడియారంతో కూడా పోట్లాడేవాడివి, అది ముందు నడుస్తోందని.

ఎవరా అమ్మాయి? నర్సా? వంటగదిలోనా? ఆకలి ఎక్కువైందంటే వంటగదే అనుకుంటున్నాను. అమ్మమ్మ మాత్రం "అమ్మాయైతే వాడు ఇంకా ఎక్కువ అరిచేవాడు" అంటోంది. నాకెందుకో మనసులో మనసు లేదు.

తాతయ్య మందు సంగతి నువ్వు రాసింది చదివి ఒళ్ళు మండిపోయింది. ఈ పూటే వెళ్ళి డాక్టరుతో చెప్పెయ్. ఆ మాత్రలు ఎక్కడ వేస్తున్నావో సూటిగా రాయి.

అక్క


మెట్ల కింద గది
ఏదో ఒక వారం

అక్కా,

బాగున్నావా. నేను బాగున్నాను. అందరూ బాగున్నారు. పెద్ద సిస్టర్ చాలా మంచిది. ఆవిడ నడుస్తుంటే చెప్పులు టప్ టప్ మంటాయి, వింటుంటే హాయిగా ఉంటుంది. ప్రెస్సు ఓనరు కనిపిస్తే నా నమస్కారాలు చెప్పు. గమ్ము డబ్బా విసరకుండా చేతికివ్వాల్సింది.

అక్షరాలు కుంటుకుంటూ నడుస్తున్నాయని తిట్టకు, చెయ్యి కొంచెం వణుకుతోంది. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రానీ. జుట్టుకి మాత్రం స్వేచ్ఛ ఉండొద్దా. ప్యాంటు గుండీ పట్టడం లేదు, దారంతో కట్టుకుంటున్నాను. టైలరు తాత కొలతలు తీసుకుని "ఇంకా పెరుగుతావు, ఆగు" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అన్నీ చెప్పేద్దామని వెళ్ళాను. గదిలోకి వెళ్ళాక ఏం చెప్పాలో గుర్తురాలేదు. మీ కుర్చీ చాలా బాగుందండీ అని చెప్పి వచ్చేశాను. ఆయన చాలాసేపు కుర్చీ వైపు చూశాడు.

తాతయ్య గొడవ తగ్గలేదని మోతాదు పెంచాడు. రెట్టింపు. అంటే మా పోరాటమూ రెట్టింపైంది. టీచరమ్మ మాత్రం ఈ మధ్య బాగాలేదు. చేతులు గీరుకుంటోంది, గ్లాసులు గోడకేసి కొడుతోంది. నిన్న నా చొక్కా పట్టుకుని "నా మాత్ర నాకివ్వరా" అని ఏడ్చింది. ఇద్దామనుకున్నాను. కానీ అప్పటికే అది లేదు.

నేను ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే

పై వాక్యం దగ్గర నిద్రపట్టింది. ఏం చెప్పొచ్చానో పోయింది. ఆఁ, వెనక బిల్డింగులో ఒక మంచం ఖాళీ అయిందట. ఈ నెలాఖర్లో తాతయ్యని అక్కడికి మార్చే సంగతి చూస్తానన్నాడు డాక్టరు. నేనూ వెళ్ళి చూశాను. ఫర్వాలేదక్కా. నీడగా ఉంది. తాళం కూడా పెద్దది, మంచి తాళం.

తమ్ముడు


మందుల షాపు
కొరియరు కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండగా

వెధవా,

ఆ మాత్రలు నువ్వు మింగుతున్నావు.

రోజూ ఆ డబ్బాలు అమ్మేదాన్ని, నాకెంత సేపు పట్టింది! నిద్ర, ఆకలి, వణుకు, జుట్టు రాలడం, అన్నీ వరసగా రాస్తూనే ఉన్నావు, నేను అమ్మాయి కోసం వెతుకుతున్నాను. తాళం బాగుందట! అది చదివి లేచి నిలబడ్డాను. నా తమ్ముడు ఒక తాళాన్ని మెచ్చుకున్నాడంటే వాడు వాడు కాదు. తాతయ్యవీ టీచరమ్మవీ, అందులోనూ రెట్టింపు! ఆసుపత్రికి ఫోన్ చేస్తే వాచ్‌మన్ "ఆ అబ్బాయి నిద్రపోతున్నాడమ్మా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే "ఇంకా లేవలేదమ్మా" అన్నాడు. డాక్టరు ఊళ్ళో లేడట.

ఈ ఉత్తరం అందిన క్షణాన సిస్టర్ దగ్గరికి పో. ఉన్నదున్నట్టు చెప్పు. నీ అంతట నువ్వే ఒక్కసారిగా మానేయకు, వాళ్ళు చెప్పినట్టు తగ్గించుకుంటూ రా. టీచరమ్మ మందు టీచరమ్మకి వెంటనే చేరాలి. ఆవిడ ఏమైనా చేసుకుంటే నీ ఉద్యమం ఏ మొహం పెట్టుకుంటుంది?

నువ్వు పంపిన కరపత్రం విప్పి చదివాను. మొదటి పేజీలో నీ సంకెల ఉంది. రెండో పేజీ మొదలే "అని ఆవేశపడి మందు మాన్పించడం మరింత ప్రమాదం." మూడో పేజీలో "మందు పనిచేస్తున్నదా లేదా అని వైద్యుణ్ణి పదేపదే అడగండి. అడగడం మీ హక్కు" అని ఉంది. ఒకరి మందు మరొకరు మింగరాదని విడిగా రాయలేదు. అంత తెలివైనవాడు పుడతాడని వాళ్ళకి తోచి ఉండదు.

ఇప్పుడు నా వంతు. నేనూ నీకు ఒకటి దాచాను. ఆ మందు డాక్టరు తనంతట తాను మొదలుపెట్టలేదు. "ఏదో ఒకటి ఇవ్వండి డాక్టరుగారూ, లేకపోతే ఇల్లు నిలవదు" అని ఆయన్ని పట్టుకుని ఏడ్చింది నేనే.

అమ్మమ్మ బాత్రూంలో జారలేదు. ఆ సాయంత్రం తాతయ్యకి ఇల్లు మండుతున్నట్టు అనిపించింది. దుప్పట్లు ముడేసి, అమ్మమ్మ నడుముకి కట్టి, పైఅంతస్తు కిటికీలోంచి దించాడు. ముడులు చూసి మీ బావ కూడా ముక్కున వేలేసుకున్నాడు, అంత బాగా వేశాడు. మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా దించాడట. కింద సైకిలుంది. ఆవిడ దాని మీదకి దిగి, సైకిలుతో సహా పడింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి కారులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగి వచ్చేసరికి కింద ఆవిడ లేదు. అంతే, లోపలే ఉండిపోయిందని మళ్ళీ పైకి పరుగు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

ఎవరికీ చెప్పొద్దని అమ్మమ్మ ఒట్టేయించుకుంది. "ఆయన నన్ను పడేశాడని ఎవరూ అనకూడదు. ఆయన బాగానే దించాడు, నేనే సరిగా దిగలేదు" అంది.

వెంటనే జవాబు రాయి. తిడుతూ రాయి.

అక్క


వృద్ధుల మానసిక వార్డు, తాతయ్య పక్క మంచం (పేషెంటుగా)
చలి మొదలైంది

అక్కా,

నీ ఉత్తరం అందేసరికే నన్ను కాపాడేశారు. చేతిలో కలం నిలిచేసరికి మాత్రం రెండు వారాలైంది.

ఆ సాయంత్రం దుప్పట్ల గదిలో ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూర్చున్నాను. కూర్చున్నంతవరకే గుర్తుంది. మిగతాది టైలరు తాత చెప్పింది. తాతయ్య కేక పెట్టాడు, అందర్నీ బయటికి నడిపించాడు, లెక్కపెట్టాడు. ఒకరు తక్కువ. లోపలికి పరుగెత్తాడు. సిస్టర్ అడ్డుపడితే ఆవిడ చంక కింద నుంచి దూరి, గది గదీ వెతికి, దుప్పట్ల గదిలో నన్ను చూశాడు. పిలిచాడు. గిల్లాడు. చెంప మీద కొట్టాడు. నేను "మీరన్నదీ నిజమే" అన్నానట. ఆయన వెనక్కి తిరిగి "వీడు తనంతట లేచే మనిషి కాదు, మోయాలి" అన్నాడు. దుప్పట్లో వేసి నలుగురు ముసలివాళ్ళు నన్ను మోసుకొచ్చారు. నా బరువు సంగతి నీకు రాశాను కదా. ఒక్కరూ తూలలేదు, గుమ్మానికి నా తల కూడా కొట్టలేదు. పెరట్లో పడుకోబెట్టి బకెట్టు నీళ్ళు కుమ్మరించారు.

అదే సమయానికి డాక్టరు ఊరినుంచి పెట్టెతో దిగాడు. చూస్తే వార్డంతా వరసలో నిలబడి ఉంది, మధ్యలో వార్డు బాయ్ తడిసి ముద్దై గురక పెడుతున్నాడు.

నా రక్తం పరీక్ష చేయించి, ఆ కాగితం చూసి, నన్ను చూసి, కుర్చీ చూసుకున్నాడు. "ఈ వార్డులో ఆ మందు అంత బాగా పనిచేసింది నీ ఒక్కడి మీదేరా" అన్నాడు.

తిట్టాడు కూడా. ఆయనకి కోపం రావడం మొదటిసారి చూశాను, గౌరవం పెరిగింది. "మీ తాతకి మందు పడలేదు, పైగా తూలుతున్నాడు అని నువ్వు వచ్చి చెప్పి ఉంటే వారంలో ఆపేసేవాణ్ణి. వేసుకుంటున్నాడనుకుని పెంచుకుంటూ పోయాను. ఇద్దరం కలిసి గుడ్డివాళ్ళం అయ్యాం. నేనూ చూస్తానని చెప్పి సరిగా చూడలేదు" అన్నాడు. తాతయ్యకి ఇక ఆ మందు లేదు. టీచరమ్మకి మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడే ఆవిడ చేతుల మీద గీతలు మానుతున్నాయి. "కొందరు" అని ఆయన అన్న కొందరిలో ఆవిడ ఉంది అక్కా. ఆవిడ మాత్రలు నేను తిన్నాను. ఆ మాట తల్చుకుంటే నా మీద నాకు గమ్ము డబ్బా విసరాలనిపిస్తోంది. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటే "లెక్క తప్పితే మళ్ళీ చెయ్యాలి గానీ కాళ్ళు పట్టుకోవడమేమిట్రా" అంది.

అసలు సంగతి ఇది. ఆ సాయంత్రం సిస్టర్లందరూ నా చుట్టూ ఉన్నారు కాబట్టి తాతయ్యని ఆపేవాళ్ళు లేరు. ఆయన భుజాలు తట్టుకుంటూ వచ్చి, చివర్లో నా కడుపు తట్టి, "అందరూ వచ్చారు" అన్నాడు. వెళ్ళి చెప్పులు విప్పి, మంచమెక్కి, పొద్దున దాకా కదల్లేదు. ఏ మాత్రకీ పడుకోని మనిషి.

మర్నాడు మళ్ళీ కేక. మళ్ళీ ఒకరు తక్కువ. నేను గబగబా వెళ్ళి దుప్పట్ల గదిలో పడుకున్నాను. మోసుకొచ్చారు. లెక్క సరిపోయింది. చెప్పులు విప్పాడు. ఇప్పుడు అదే నా డ్యూటీ. రోజూ సాయంత్రం నేను కాలిపోబోతాను, వీళ్ళు కాపాడతారు. డాక్టరు వరండా గట్టున నిలబడి చూసి, కేసు కాగితంలో రాసుకుంటాడు. ఏం రాస్తాడో పాపం.

కానీ నేను అద్దె మనిషిని. లోపల ఉండిపోయింది ఎవరో నీ ఉత్తరం చదివాక తెలిసింది. డాక్టరుకి చదివి వినిపించాను. ఆయన కేసు కాగితం తీసి అందులో రాసుకున్నాడు. తర్వాత "వెనక బిల్డింగు మాట నేనింకా వెనక్కి తీసుకోలేదు. రేపు నువ్వు లేకపోతే? ఇంటికి పంపితే, మళ్ళీ కిటికీ అయితే?" అన్నాడు.  అది వినగానే పూర్వంలా కోపం వచ్చింది. ఆ కుర్చీ ఏం బాగాలేదు! ఒక కాలు పొట్టి! ఆ తాళం కూడా!!

నీ తమ్ముడు


మందుల షాపు, స్టూలు

ఒరేయ్ విప్లవం,

నాలుగు చిల్లులు! లెక్కపెట్టి అమ్మమ్మకి చూపించాను.

ఉత్తరమంతా చదివి వినిపించాను. కిటికీ సంగతి నీకు చెప్పేశానని తిడుతుందనుకున్నాను. ఆవిడ లేచి పెట్టె సర్దుకుంది. "ఎక్కడికే?" అంటే "పాపం ఆయన ఇంకా వెతుకుతున్నాడటగా. వెళ్ళి బయటపడతాను" అంది.

కట్టు విప్పారు గానీ చెయ్యి ఇంకా పూర్తిగా ముడవదు. నాకు షాపులో సరుకు లెక్కలు, కదలడానికి లేదు. ఆదివారం మీ బావ తీసుకొస్తాడు. ఆయన్ని ఏ విషయంలోనూ చైతన్యపరచకు. ఆసుపత్రి దుప్పటి వద్దట, సొంతది తెచ్చుకుంటోంది.

నాకు భయంగా ఉందిరా. ఆయన గుర్తుపట్టకపోతే? అక్కడ కూడా కిటికీలున్నాయి.

అన్నీ రాయి. ఏదీ మడతపెట్టకు.

అక్క


వృద్ధుల మానసిక వార్డు
ఆదివారం

అక్కా,

మధ్యాహ్నం అమ్మమ్మ వార్డులోకి వస్తే తాతయ్య లేచి కుర్చీ వేసి "కూర్చోండమ్మా, ఎవరి తాలూకు?" అన్నాడు. ఆవిడ "ఇక్కడివాళ్ళ తాలూకే" అని కూర్చుంది. బావ బయటికి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు. ఆయన్ని ఇంకా చైతన్యపరచలేదు.

సాయంత్రం కాకముందే ఆవిడ దుప్పట్ల గదిలోకి వెళ్ళి, తన దుప్పటి పరుచుకుని పడుకుంది. అలవాటుకొద్దీ నేనూ పక్కన పడుకోబోతే డాక్టరు చెవి పట్టుకుని లాగాడు. "ఇవాళ నీకు సెలవు."

ఎండ ఎర్రబడింది. కేక. చెప్పులు, వరస, దుప్పట్లో మోయడం, అన్నీ ఎప్పటిలాగే. తట్టాడు, లెక్కపెట్టాడు, ఆగిపోయాడు. "ఒకరు లోపలే ఉన్నారు."

ఎవరూ అడ్డుపడలేదు. మేం వెనకే వెళ్ళి గుమ్మం పక్కన నక్కాం. ఆయన ఆవిడ మీదికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దుప్పటి అంచు పట్టుకుని ముడెయ్యడం మొదలుపెట్టాడు. కళ్ళు కిటికీ వైపు. పెద్ద సిస్టర్ ముందుకి దూకబోయింది, డాక్టరు చెయ్యి అడ్డుపెట్టాడు. 

అమ్మమ్మ లేచి కూర్చుని, ముడవని చెయ్యి ఆయన ముడి మీద పెట్టింది.

"ఏమండీ, ఈసారి గుమ్మంలోంచి వెళ్దామా?"

"గుమ్మం వైపు పొగ లేదూ?"

"చూసొచ్చాను. లేదు. మీరు ముందు నడవండి, మీ చొక్కా పట్టుకుని నేనొస్తాను."

ఆయన ఆలోచించాడు. ముడి విప్పాడు. వంగి, పొగలో నడిచినట్టు, నడిచాడు. ఆవిడా వంగి, చొక్కా పట్టుకుని, వెనకే. మేం గోడకి అతుక్కుపోయి దారిచ్చాం. పెరట్లో మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాడు. చివర్లో ఆవిడ భుజం తట్టి, చెయ్యి అక్కడే ఉంచేసి, "అందరూ వచ్చారు" అన్నాడు. డాక్టరు వైపు తిరిగి "మీరింక ఇళ్ళకి వెళ్ళొచ్చు" అన్నాడు.

"మీరు కూడా" అన్నాడు డాక్టరు.

వచ్చే వారం ఇంటికి, అక్కా. షరతులున్నాయి. కింది వాటాలోకి మారాలి. సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి. సాయంత్రాలు నేను ఇంట్లో ఉండాలి, ఏ చిన్న తేడా వచ్చినా ఆయనకి చెప్పాలి, నా నోట్లో వేసుకోకూడదు. నెల నెలా చూస్తానన్నాడు. ఈసారి నిజంగా చూస్తాడు, చూడకపోతే నేను ఊరుకుంటానా!

కానీ ఒక అన్యాయం జరిగింది. అందరి భుజాలూ తట్టాడు. పెద్ద సిస్టర్ది కూడా తట్టాడు. ఇన్ని రోజులు ఆయన కోసం కాలిపోబోయిన నన్ను మాత్రం తట్టలేదు! ఒళ్ళు మండిపోయింది. "తాతయ్యా, నన్ను లెక్కపెట్టలేదేం? నేను మనిషిని కానా?" అని పెరడు అదిరేలా అరిచాను.

ఆయన నా వైపు తిరగను కూడా లేదు. అమ్మమ్మతో అన్నాడు: "వాడికేం, అరుస్తున్నాడుగా. అరిచేవాణ్ణి లెక్కపెట్టక్కర్లేదు, వాడు ఉన్నట్టే. చప్పుడు చెయ్యనివాళ్ళ కోసమే మనం లోపలికి వెళ్ళాలి."

ఉన్నాను,
నీ తమ్ముడు